పాఠం 9: రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్, మారే ఆబ్జెక్టు – ఒక విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ‘చదవడానికి మాత్రమే’, ‘మారనిది’ అనే రెండు భావనల మధ్య తేడాను సోదాహరణంగా వివరించగలుగుతారు.
• జావా, ఆబ్జెక్టివ్-సి, సి షార్ప్, కోట్లిన్ భాషల లైబ్రరీలు ఈ తేడాను ఎంతవరకు పాటించాయో పోల్చి, వాటి గుణదోషాలను చర్చించగలుగుతారు.
• మీరు రాసే క్లాసు నుంచి లోపలి సమాచారాన్ని బయటికి ఇచ్చేటప్పుడు ఏ పద్ధతి ఎప్పుడు తగునో నిర్ణయించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటో, ఒక క్లాసు దాన్ని ఎలా అమలు చేస్తుందో, ఎన్‌క్యాప్సులేషన్ ఎందుకు అవసరమో వెనకటి పాఠాల్లో చదివారు. ఈ పాఠంలో కొత్త సింటాక్స్ ఏదీ లేదు. మీకు ఇప్పటికే తెలిసిన విషయాలను తూకం వేసి చూడడమే దీని పని.

ఎన్‌క్యాప్సులేషన్ గురించి పరీక్షలో అడిగితే చాలామంది ఒకే జవాబు రాస్తారు: ‘డేటాను ప్రైవేట్‌గా ఉంచి, గెట్ మెథడ్ ద్వారా బయటికి ఇవ్వాలి.’ ఈ జవాబుకు మార్కులు పడతాయి. కానీ ఆ గెట్ మెథడ్ ఒక లిస్టును తిరిగి ఇస్తే ఏమవుతుంది? లిస్టును అందుకున్నవారు అందులో ఒక అంశం చేర్చినా, తీసేసినా ఆ మార్పు మీ ఆబ్జెక్టు లోపలే జరుగుతుంది. ముందు తలుపుకు తాళం వేసి, తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసినట్లు ఉంటుంది పని. ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చిందే రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్. చదివే మెథడ్‌లను మాత్రమే బయటికి చూపించి, మార్చే మెథడ్‌లను దాచిపెట్టడం దీని పద్ధతి. లోపలి ఆబ్జెక్టు మాత్రం యథాప్రకారం మారుతూనే ఉంటుంది.

ఆలోచన సులువుగానే ఉంది. అయినా ప్రసిద్ధ భాషల లైబ్రరీలు ఈ విషయంలో ఒకదానికొకటి భిన్నమైన దారులు పట్టాయి, కొన్ని తడబడ్డాయి కూడా. ఆ తడబాటుకు మూలం ఎక్కడుందో వెతుకుదాం.

9.2 ఒక రిజిస్టరు, ఒక పేజీ, ఒక మెమో

మీకు బాగా తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. పరీక్షల విభాగంలో మార్కుల రిజిస్టరు ఒకటి ఉందనుకోండి. అందులో రాసే హక్కు సంబంధిత ఉద్యోగికి ఉంటుంది. అదే రిజిస్టరు ఆధారంగా వెబ్‌సైటులో ఫలితాల పేజీ కనిపిస్తుంది. మీ హాల్ టికెట్ నంబరు కొట్టి మార్కులు చూడగలరు, దిద్దలేరు. మూడోది, మీ చేతికి వచ్చే మార్కుల మెమో.

మీరు రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు చేశారు. ఒక పేపరులో 34 మార్కులు 41 అయ్యాయి. రిజిస్టరులో దిద్దుబాటు జరిగింది. మరుసటిసారి మీరు వెబ్‌సైటు తెరిస్తే 41 కనిపిస్తుంది. ఆ పేజీని మీరు ముట్టుకోలేదు, అయినా మారింది. మీ దగ్గరున్న పాత మెమోలో మాత్రం 34 అలాగే ఉంది. దాన్ని ఎవరూ దిద్దరు, కొత్త మెమో ఇస్తారు.

ఇక్కడ మూడు వేర్వేరు వస్తువులు ఉన్నాయి:
• రిజిస్టరు మార్చదగినది.
• ఫలితాల పేజీ చదవడానికి మాత్రమే.
• మెమో మారనిది.

ఫలితాల పేజీ మీకు ఇచ్చే హామీ ‘దీన్ని నీవు మార్చలేవు’ అన్నంతవరకే. మెమో ఇచ్చే హామీ ‘ఇది ఎప్పటికీ మారదు’ అని. మొదటిది చూసేవారి చేతులకు పెట్టిన హద్దు. రెండోది వస్తువు స్వభావం గురించి చెప్పిన మాట. ఈ పాఠం మొత్తం ఈ రెండు వాక్యాల తేడా మీదే నడుస్తుంది.

దీన్ని ఇంటర్‌ఫేస్‌లుగా రాస్తే స్థూలంగా ఇలా ఉంటుంది:

ఇంటర్‌ఫేస్ చదివేపట్టిక
  మార్కుచూడు(పేపరు) → సంఖ్య
  పేపర్లెన్ని() → సంఖ్య

ఇంటర్‌ఫేస్ రాసేపట్టిక : చదివేపట్టిక
  మార్కుపెట్టు(పేపరు, సంఖ్య)

క్లాసు రిజిస్టరు : రాసేపట్టిక
క్లాసు మెమో : చదివేపట్టిక

ఈ అమరికలో ఒక్క విషయం గమనించండి. మెమో, రాసేపట్టిక రెండూ చదివేపట్టిక కిందికే వస్తాయి. కానీ వాటిలో ఒకటి రెండోదాని కింద లేదు. ఇవి ఒకే తల్లికి పుట్టిన అన్నదమ్ముల్లాంటివి, తండ్రీకొడుకులు కావు. ఎందుకలా ఉండాలో 9.4లో చూస్తాం.

9.3 హద్దు లేకపోతే ఏమవుతుంది: 1997 నాటి ఉదాహరణ

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సూక్ష్మమని కొందరు అనుకోవచ్చు. అందుకే జరిగిన సంగతి ఒకటి చెప్పుకుందాం. జావా తొలినాళ్లలో వెబ్ పేజీల ద్వారా వచ్చే ఆప్లెట్‌లకు డిజిటల్ సంతకం చేసే సౌకర్యం ఉండేది. నమ్మదగిన వారి సంతకం ఉన్న ఆప్లెట్‌కు ఎక్కువ అధికారాలు దక్కేవి. ఒక క్లాసుకు ఎవరు సంతకం చేశారో తెలుసుకోవడానికి గెట్‌సైనర్స్ అనే మెథడ్ ఉండేది. అది ఒక అరేను తిరిగి ఇచ్చేది.

1997లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జేడీకే 1.1.1లో ఒక లోపం బయటపెట్టారు. ఆ మెథడ్ ఇస్తున్నది నకలు కాదు, వ్యవస్థ లోపల వాడుకుంటున్న అసలు అరే. ఆ అరేను అందుకున్న ఆప్లెట్ అందులోని గడుల్లో తనకు అనుకూలమైన సంతకందారును రాసుకోగలదు. ఆ తరువాత వ్యవస్థ దాన్ని నమ్మదగినదిగా చూసే ప్రమాదం ఉంది. మందు చిన్నదే: అసలు అరేకు బదులు దాని నకలు ఇవ్వడం.

ఈ లోపంలో క్లిష్టమైన గణితం ఏదీ లేదు. సంతకం సరిచూసే పద్ధతి చెడలేదు. ‘చూడనివ్వడం’ కోసం రాసిన మెథడ్ ‘దిద్దనివ్వడం’ కూడా చేసింది, అంతే. జావాలో చదవడానికి మాత్రమే ఉండే అరే అంటూ ఏదీ లేదని కూడా ఇక్కడ గుర్తుంచుకోండి. ఫైనల్ అని రాసినా ఆ వేరియబుల్ మరో అరేను సూచించకుండా ఆగుతుందే తప్ప, అరే గడుల్లోని విలువలు మారకుండా ఆగవు. ఫైనల్ అంటే మారనిదని రాసే విద్యార్థులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

9.4 లిస్కోవ్, వింగ్: చరిత్ర నియమం

బార్బరా లిస్కోవ్ పేరుమీద ఉన్న ప్రతిక్షేపణ సూత్రం మీకు తెలుసు: సూపర్‌టైప్ ఉన్నచోట సబ్‌టైప్‌ను పెట్టినా ప్రోగ్రాము సరిగా నడవాలి. 1994లో లిస్కోవ్, జెనెట్ వింగ్ కలిసి ప్రచురించిన పత్రంలో ఈ సూత్రానికి ఒక ముఖ్యమైన షరతు ఉంది. చాలా పాఠ్యపుస్తకాలు దాన్ని వదిలేస్తాయి. దాన్ని ‘చరిత్ర నియమం’ అందాం.

ఒక మెథడ్ పిలిచేముందు ఏముండాలి, పిలిచాక ఏముంటుంది అనే షరతులు ఒక్కటే చాలవు. ఒక ఆబ్జెక్టు నేటి స్థితికీ రేపటి స్థితికీ మధ్య ఉండే సంబంధం గురించి కూడా సూపర్‌టైప్ హామీ ఇస్తుంది. సబ్‌టైప్ ఆ హామీని కూడా నిలబెట్టాలి. ‘ఈ విలువ ఎప్పటికీ మారదు’ అని సూపర్‌టైప్ అంటే, దాని కింద మార్చే మెథడ్ ఉన్న సబ్‌టైప్ ఉండకూడదు. ఆ మెథడ్ సూపర్‌టైప్‌లో కనిపించకపోయినా సరే. అదే ఆబ్జెక్టును మరొకరు మార్చితే, మారదని నమ్మినవారు మోసపోతారు.

దీన్ని మన ఉదాహరణకు అన్వయిస్తే మూడు ఫలితాలు వస్తాయి:

(అ) రిజిస్టరు చదివేపట్టికకు సబ్‌టైప్ కావచ్చు. ఎందుకంటే చదివేపట్టిక ‘మారదు’ అని ఎక్కడా చెప్పలేదు.

(ఆ) రిజిస్టరు మెమోకు సబ్‌టైప్ కాకూడదు. మెమో ‘మారను’ అని మాట ఇచ్చింది.

(ఇ) మెమో రాసేపట్టికకు సబ్‌టైప్ కాకూడదు. రాసేపట్టిక ‘నాలో రాయవచ్చు’ అని మాట ఇచ్చింది, మెమో ఆ మాట నిలబెట్టలేదు.

రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్ కింద మారే ఆబ్జెక్టు ఉండడం తప్పేమీ కాదని (అ) చెబుతోంది. కొందరు విమర్శకులు దీన్నే దోషంగా చూపుతారు. వారి అభ్యంతరం నిజానికి ఇంటర్‌ఫేస్ మీద కాదు, దాన్ని చదివేవారి అపోహ మీద. ఇక (ఆ), (ఇ)లను కొలబద్దలుగా తీసుకుని లైబ్రరీలను పరిశీలిద్దాం.

9.5 జావా: మెమో రిజిస్టరు వేషం వేసినప్పుడు

జావా కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్ 1998లో జేడీకే 1.2తో వచ్చింది. దాని ప్రధాన రూపశిల్పి జాషువా బ్లాక్. అందులో లిస్ట్ అనే ఇంటర్‌ఫేస్ ఒక్కటే ఉంది. చదివే మెథడ్‌లు, మార్చే మెథడ్‌లు అన్నీ అందులోనే. మార్చే మెథడ్‌ల పక్కన ‘ఐచ్ఛికం’ అని రాసి ఉంటుంది. మార్పు కూడదనుకుంటే కలెక్షన్స్ క్లాసులోని అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ అనే మెథడ్‌తో అసలు లిస్టుకు ఒక తొడుగు వేయవచ్చు. ఆ తొడుగు మీద యాడ్ పిలిస్తే కంపైలర్ ఏమీ అనదు. ప్రోగ్రాము నడిచేటప్పుడు అన్‌సపోర్టెడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది.

ఇది (ఇ)కి విరుద్ధం. రాయడానికి వీలులేని వస్తువు, రాయవచ్చని చెప్పే ఇంటర్‌ఫేస్‌ను తగిలించుకుని తిరుగుతోంది. ‘ఐచ్ఛికం అని ముందే చెప్పాం కదా’ అని సమర్థించుకోవచ్చు. అక్షరాలా చూస్తే అది నిజమే, ఒప్పందం ఉల్లంఘన కాలేదు. కానీ ‘యాడ్ చేస్తే చేరవచ్చు, చేరకపోవచ్చు’ అనే ఒప్పందం మీద ఆధారపడి ఏ ప్రోగ్రాము రాయగలం? ‘భోజనం పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు’ అని బోర్డు కట్టిన హోటల్ అబద్ధమాడడం లేదు. అక్కడికి ఆకలితో వెళ్లేవారు మాత్రం ఉండరు.

రూపకర్తలు ఈ విమర్శను ఊహించారు. తమ డిజైన్ ప్రశ్నోత్తరాల్లో జవాబు కూడా ఇచ్చారు. దాని సారం ఇది: మార్చదగినవి, మార్చలేనివి అని రెండుగా విడగొడితే పని అక్కడితో ఆగదు. కొన్ని లిస్టుల్లో విలువలు మార్చవచ్చు, పొడవు మార్చలేం. అరేస్ క్లాసులోని యాజ్‌లిస్ట్ ఇచ్చేది అలాంటిదే. లాగ్‌ల వంటివాటిలో చివర చేర్చవచ్చు, మధ్యలో తీసేయలేం. ఒక్కో రకానికి ఒక్కో ఇంటర్‌ఫేస్ పెడితే వాటి సంఖ్య అదుపు తప్పుతుంది, నేర్చుకునేవారికి భారమవుతుంది.

ఈ వాదనలో బలం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ అన్ని ఛాయలకూ పేర్లు పెట్టలేం కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైన గీతను కూడా గీయం అనడం సబబు కాదని నా అభిప్రాయం. చదవడం, రాయడం అనే గీత ఒక్కటి గీసినా ఎక్కువ తప్పులు కంపైలర్ దగ్గరే ఆగేవి. మిగిలిన అరుదైన ఛాయలకు ఎక్సెప్షన్‌లు ఉంచుకోవచ్చు.

జావా తరువాత కొంత సర్దుబాటు చేసుకుంది. 2017లో జావా 9తో లిస్ట్ ఇంటర్‌ఫేస్‌లోనే ఆఫ్ అనే మెథడ్, 2018లో జావా 10తో కాపీఆఫ్ అనే మెథడ్ వచ్చాయి. ఇవి ఇచ్చే లిస్టులోకి అంశాలు కొత్తగా చేరవు, ఉన్నవి పోవు. ఇవి మెమోల వంటివి. అయితే వాటి టైపు కూడా లిస్ట్ అనే ఉంటుంది. చేతికి వచ్చింది రిజిస్టరో, పేజీయో, మెమోనో టైపు చూసి చెప్పలేం. గువావా లైబ్రరీ ఇమ్మ్యూటబుల్‌లిస్ట్ అనే పేరుతో ఒక క్లాసు ఇచ్చి, బయటివారు దానికి సబ్‌క్లాసులు రాయకుండా కట్టడి చేసింది. కనీసం పేరు చూసి మెమో అని గుర్తుపట్టవచ్చు. కానీ అది కూడా జావా లిస్ట్‌ను అమలు చేయక తప్పలేదు. అందువల్ల పనిచేయని యాడ్ అక్కడా వేలాడుతూనే ఉంది.

9.6 ఆబ్జెక్టివ్-సి: రిజిస్టరు మెమో వేషం వేసినప్పుడు

జావా (ఇ)లో తప్పితే, ఆపిల్ వాడిన ఆబ్జెక్టివ్-సి లైబ్రరీ (ఆ)లో తప్పింది. అక్కడ ఎన్‌ఎస్అరే అనే క్లాసులో మార్చే మెథడ్‌లు లేవు. ఇది జావా కన్నా మెరుగు. మార్చదలిస్తే దాని సబ్‌క్లాసు ఎన్‌ఎస్‌మ్యూటబుల్‌అరే వాడాలి. కానీ ఎన్‌ఎస్అరేను మారని అరేగా పరిచయం చేసి, దాని కిందే మారే క్లాసును పెట్టారు. అంటే మెమో కింద రిజిస్టరు.

ఫలితం ఏమిటి? ఒక ఫంక్షన్ ఎన్‌ఎస్అరే అందుకుంది. దాన్ని మారనిదని నమ్మి దాచుకుంది. ఇచ్చినవారి దగ్గర అదే ఆబ్జెక్టు మారే రూపంలో ఉంది. కాసేపటికి దాచుకున్నది మారిపోయింది. ఈ ప్రమాదం వల్లనే ఆ భాషలో ఒక ఆనవాయితీ పుట్టింది: ఇలాంటి ప్రాపర్టీలను కాపీ అనే గుర్తుతో ప్రకటించాలి. వచ్చింది మారేదైతే నకలు తయారవుతుంది. మారనిదైతే అదే ఆబ్జెక్టును ఉంచుకోవచ్చు, నకలు ఖర్చు ఉండదు.

ఆనవాయితీ మంచిదే. అయితే టైపు చెప్పవలసిన మాటను ప్రోగ్రామర్ జ్ఞాపకశక్తికి అప్పగించారు. మరిచిపోయిన చోట కంపైలర్ హెచ్చరించదు.

9.7 డాట్‌నెట్, కోట్లిన్: గీత గీసినవారు

డాట్‌నెట్ 4.5తో 2012లో ఐరీడ్‌ఓన్లీలిస్ట్ అనే ఇంటర్‌ఫేస్ వచ్చింది. అందులో చదివే సభ్యులు మాత్రమే ఉన్నాయి. మారే లిస్ట్ క్లాసు దాన్ని అమలు చేస్తుంది, మారని లిస్టులూ అమలు చేస్తాయి. 9.2లో మనం గీసుకున్న అమరిక ఇదే. ఈ ఇంటర్‌ఫేస్ అందుకున్న ఫంక్షన్‌లో యాడ్ అని రాస్తే కంపైలర్ దగ్గరే ఆగిపోతుంది.

దీని లోపం చరిత్రలో ఉంది. రాయడానికి వీలైన ఐలిస్ట్ 2005 నుంచే వాడుకలో ఉంది. ఏడేళ్ల తరువాత వచ్చిన రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్‌ను దానికి తల్లిగా పెట్టలేదు. అప్పటికే ఐలిస్ట్‌ను అమలు చేసిన ప్రోగ్రాములు లెక్కలేనన్ని ఉండగా దాని వంశక్రమాన్ని కదపడం ప్రమాదకరం. అందుకే ఐలిస్ట్ టైపులో ఉన్న వేరియబుల్‌ను ఐరీడ్‌ఓన్లీలిస్ట్ అడిగే ఫంక్షన్‌కు నేరుగా ఇవ్వలేని విడ్డూరం ఏర్పడింది. ఎక్కువ చేయగలిగినది తక్కువ అడిగేచోట చెల్లడం లేదు. రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్‌ను మొదటి రోజే రాసుకోవాలన్నది దీని పాఠం. ఇల్లు కట్టాక పునాది వేయలేం.

2016లో 1.0గా విడుదలైన కోట్లిన్ మొదటి నుంచే ఈ జాగ్రత్త తీసుకుంది. అక్కడ లిస్ట్ అంటే చదవడానికి మాత్రమే. మ్యూటబుల్‌లిస్ట్ దాని సబ్‌టైప్. జావా యంత్రం మీద నడిచేటప్పుడు లోపల ఉండేవి ఆ జావా క్లాసులే. కేవలం టైపుల స్థాయిలో గీత గీసి, 1998లో ‘సంఖ్య అదుపు తప్పుతుంది’ అన్న భయానికి కోట్లిన్ ఆచరణలో జవాబు చెప్పింది. ఒక్కో కలెక్షన్‌కు రెండే ఇంటర్‌ఫేస్‌లతో పని గడిచింది.

ఈ పద్ధతికి అదనపు లాభం ఒకటి ఉంది. పీజీ విద్యార్థి అనేది విద్యార్థికి సబ్‌టైప్ అనుకోండి. పీజీ విద్యార్థుల లిస్టును విద్యార్థుల లిస్టుగా చూపవచ్చా? అందులో రాయడానికి వీలుంటే చూపకూడదు, ఎవరైనా డిగ్రీ విద్యార్థిని తెచ్చి చేర్చవచ్చు. చదవడానికి మాత్రమే అయితే ఏ ప్రమాదమూ లేదు. అందుకే సి షార్ప్, కోట్లిన్ రెండూ రీడ్‌ఓన్లీ లిస్టులకు ఈ సౌలభ్యం ఇచ్చాయి. హక్కు తగ్గిస్తే వాడుక పెరిగింది.

కోట్లిన్‌లో మిగిలిన లోపం పేరులో ఉంది. లిస్ట్ అన్న మాటను మారనిదిగా అర్థం చేసుకునేవారు చాలామంది. ఇంకొకటి: లోపల ఉన్నది మారే లిస్టయితే, అందుకున్నవారు దాన్ని మ్యూటబుల్‌లిస్ట్‌గా కాస్ట్ చేసి మార్చేయగలరు. సి షార్ప్‌లోనూ ఇదే పరిస్థితి. అక్కడ యాజ్‌రీడ్‌ఓన్లీ అనే మెథడ్‌తో తొడుగు వేసి ఇస్తే కాస్ట్ చేసినా అసలు లిస్టు చేతికి చిక్కదు. రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్ పొరపాటున జరిగే మార్పును ఆపుతుంది, కావాలని చేసేవారిని ఆపదు. 9.3లోని ఆప్లెట్‌లాంటి అపరిచితులు ఎదురుగా ఉన్నచోట తొడుగో, నకలో తప్పనిసరి.

9.8 సరైన ఇంటర్‌ఫేస్ ఉన్నా మిగిలే మూడు చిక్కులు

ఒకటి, నడుస్తుండగా మార్పు. మీరు రీడ్‌ఓన్లీ లిస్టును లూప్‌లో చదువుతున్నారు. అదే సమయంలో అసలు యజమాని అందులో ఒక అంశం చేర్చాడు. జావాలో సాధారణంగా కంకరెంట్‌మాడిఫికేషన్‌ఎక్సెప్షన్ ఎదురవుతుంది. తప్పు చేసింది ఒకరు, ప్రోగ్రాము ఆగింది మరొకరి దగ్గర. మీ కోడ్‌ను ఎన్నిసార్లు చదివినా అందులో దోషం దొరకదు.

రెండు, కీగా వాడడం. రీడ్‌ఓన్లీ లిస్టును హ్యాష్‌మ్యాప్‌లో కీగా పెట్టారు. తరువాత అసలు లిస్టు మారితే దాని హ్యాష్ విలువ కూడా మారుతుంది. దాచిన విలువ మ్యాప్‌లోనే ఉన్నా, వెతికితే దొరకదు. కీగా మెమోనే వాడాలి, పేజీని వాడకూడదు.

మూడు, లోతు. లిస్టులో చేర్చలేరు, తీసేయలేరు. కానీ లిస్టులో ఉన్న విద్యార్థి ఆబ్జెక్టును అందుకుని అతని చిరునామా మార్చవచ్చు. తొడుగు పైపొరకే ఉంటుంది. లిస్ట్ ఆఫ్, కాపీఆఫ్ ఇచ్చే లిస్టులకూ ఇది వర్తిస్తుంది. లోపలి అంశాల టైపులు కూడా చదివే ఇంటర్‌ఫేస్‌లే అయితే తప్ప హద్దు పూర్తికాదు.

సి ప్లస్ ప్లస్‌లోని కాన్‌స్ట్ కథ ఇక్కడ గుర్తుచేసుకోదగినది. బ్యార్నే స్ట్రౌస్ట్రుప్ మొదట ఆ ఆలోచనకు రీడ్‌ఓన్లీ అనే పేరు పెట్టాడు. తరువాత అది కాన్‌స్ట్ అయింది. కాన్‌స్ట్ రిఫరెన్స్ ద్వారా చూసే ఆబ్జెక్టును మరో దారిలో ఎవరైనా మార్చవచ్చు కాబట్టి, రిఫరెన్స్‌ల విషయంలో మొదటి పేరే నిజానికి దగ్గరగా ఉంది. స్థిరం అన్న అర్థాన్నిచ్చే పేరు వల్ల ఆ హామీని ఉన్నదానికన్నా పెద్దదిగా ఊహించుకోవడం సులువు.

9.9 మీరు ఏం చేయాలి

మీ క్లాసు నుంచి లోపలి సమాచారాన్ని బయటికి ఇచ్చే ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: అందుకునేవారికి రాసే అవసరం ఉందా? లేకపోతే రాసే ఇంటర్‌ఫేస్ ఇవ్వకండి. మెథడ్ పారామితులకు కూడా ఇదే నియమం. మార్కుల సగటు లెక్కించే మెథడ్ చదివేపట్టికను అడిగితే చాలు. ఆ మెథడ్ మార్కులను దిద్దదని దాని శీర్షిక చూస్తేనే తెలుస్తుంది.

రెండోది: ఇచ్చిన తరువాత జరిగే మార్పులు అందుకున్నవారికి కనిపించాలా? ఫలితాల పేజీకి తాజా మార్కులు కనిపించాలి, లేకపోతే ఆ పేజీ ఎందుకు? అలాంటిచోట రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్, మారే ఆబ్జెక్టు సరైన జోడి. ముద్రించే మెమోకు మార్పులు కనిపించకూడదు. అక్కడ నకలు తీసి మారనిదిగా ఇవ్వండి.

మూడోది: అందుకునేవారు మీవారా, బయటివారా? ఒకే ప్రోగ్రాములో మీరే రాసిన క్లాసుల మధ్య ఇంటర్‌ఫేస్ హద్దు సరిపోతుంది. మీరు ఎరగనివారి కోడ్ మీ ఆబ్జెక్టును అందుకుంటే తొడుగు వేయండి.

నకలు ఖర్చు గురించి ఒక మాట. లక్ష అంశాల లిస్టును పిలిచిన ప్రతిసారీ నకలు తీయడం దండగే. కానీ ఖర్చు పేరుతో అసలుదాన్ని ఇచ్చేయడం పరిష్కారం కాదు. తొడుగుకు ఖర్చు నామమాత్రం. జావాలోని కాపీఆఫ్ కూడా, ఇచ్చింది ఆఫ్ లేదా కాపీఆఫ్ ద్వారా పుట్టిన లిస్టే అయితే సాధారణంగా మళ్లీ నకలు తీయదు.

చివరగా పేర్లు. రీడ్‌ఓన్లీ అని రాయవలసిన చోట ఇమ్మ్యూటబుల్ అని రాయకండి. మీ క్లాసు వ్యాఖ్యలో ఒక్క వాక్యం చేర్చండి: ‘ఇది సజీవ దృశ్యం, అసలు మారితే ఇదీ మారుతుంది’ అనో, ‘ఇది నకలు, ఇక మారదు’ అనో. ఆరు నెలల తరువాత మీ కోడ్ చదివేవారు మిమ్మల్ని అడగనక్కరలేదు. ఆ చదివేవారు మీరే కావచ్చు కూడా.

9.10 సారాంశం

రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్ చూసేవారి హక్కును పరిమితం చేస్తుంది, వస్తువు మారదని హామీ ఇవ్వదు. కాబట్టి దాని కింద మారే అమలు ఉండడం న్యాయమే. లిస్కోవ్, వింగ్‌ల చరిత్ర నియమం ప్రకారం మారే టైపు మారని టైపుకు సబ్‌టైప్ కాకూడదు. మారని టైపు కూడా రాసే టైపుకు సబ్‌టైప్ కాకూడదు. ఆబ్జెక్టివ్-సి మొదటిదాన్ని, జావా రెండోదాన్ని పాటించలేదు. మొదటి లోపాన్ని ఆనవాయితీతోను, రెండోదాన్ని ఎక్సెప్షన్‌తోను పూడ్చారు. డాట్‌నెట్ సరైన గీత ఆలస్యంగా గీసింది, కోట్లిన్ మొదటే గీసింది. ఏ లైబ్రరీ వాడినా, చేతిలో ఉన్నది రిజిస్టరా, పేజీయా, మెమోనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే ఈ పాఠం మీకు వచ్చినట్లే.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘నీవు మార్చలేవు’, ‘ఇది మారదు’ అనే హామీల తేడాను, పాఠంలో లేని ఒక ఉదాహరణతో వివరించండి.
2. మారే క్లాసు రీడ్‌ఓన్లీ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేయడం చరిత్ర నియమానికి విరుద్ధం కాదు. ఎందుకు?
3. జావా రూపకర్తల వాదనను మీ మాటల్లో చెప్పి, దాన్ని సమర్థిస్తూ గానీ, ఖండిస్తూ గానీ చర్చించండి.
4. ఒక గ్రంథాలయ ప్రోగ్రాములో ‘బయటికి ఇచ్చిన పుస్తకాల జాబితా’ను (అ) కౌంటరు దగ్గరి తెరకు, (ఆ) నెలాఖరు నివేదికకు ఏ రూపంలో ఇస్తారు? కారణాలు రాయండి.
5. వెనకటి పాఠాల అభ్యాసాల్లో మీరు రాసిన ఏదైనా ఒక క్లాసు తీసుకోండి. అందులోని గెట్ మెథడ్‌లలో ఏది లోపలి ఆబ్జెక్టును నేరుగా బయటికి ఇస్తోందో గుర్తించి సరిదిద్దండి.